నాకు మంది పడదు

ఈ మధ్య ఒక అమ్మాయి చేవెళ్లలో మా ఇంటికి వచ్చింది. మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీలో కౌన్సెలర్‌గా కొత్తగా చేరిందట. నేను అదే పని చేసి రిటైరయ్యానని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. చాయ్ తాగుతూ, "మేడం, ఈ పనికి అన్నిటికన్న ముందు ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది.

"నోరు మూసుకునుడు" అన్నాను.

పాపం, కప్పు చేతిలో అట్లాగే పట్టుకుని బిత్తరపోయింది. తిట్టాననుకుంది. తిట్టలేదు తల్లీ, నిజం చెప్పాను. కానీ ఆ రోజు సగం చెప్పేసరికి గ్యాస్ బండవాడు వచ్చాడు, తర్వాత మా ఆడపడుచు వచ్చింది, మాట ఎటో పోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మీటింగులు, ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు ఇందులో ఉండవు. వాటి సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

రేడియో మేడం

నేను పుట్టింది చేవెళ్లలో, కిరాణా దుకాణం నడిపే ఇంట్లో. మా బాపు గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో వానల గురించీ వియ్యంకుల గురించీ మాట్లాడుతూనే ఉప్పూ పప్పూ కట్టించేవాడు. దుకాణదారు ఊరుకుంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. ఆ ఇంట్లో పెరిగినదాన్ని, నాకు మాట ఆగదు. నిద్రలో కూడా మాట్లాడతానని మా ఆయన పెళ్లయిన కొత్తలోనే మా అమ్మకు ఫిర్యాదు చేశాడు. కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు రేడియో మేడం. ఆ పేరు నాకు తెలియదని వాళ్ల నమ్మకం. నాకు మొదటి ఏడాదే తెలిసింది, లోలోపల మురిసిపోయాను కూడా.

ఇంగ్లిష్ చెప్పడానికి మా వైపే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేరాను. అప్పుడే సాఫ్ట్‌వేర్ గాలి జోరందుకుంది. మొయినాబాద్ రోడ్డు పక్కన చేలు పోయి ఫామ్‌హౌసుల గోడలు లేచాయి, వాటి మధ్య కాలేజీలు లేచాయి. నగరానికి పోయే మెహిదీపట్నం బస్సెక్కితే ముందు సీట్లో జావా గురించి, వెనక సీట్లో ప్లాట్ల రేట్ల గురించి. పెళ్లికి వెళ్లినా చావుకి వెళ్లినా "మీ కాలేజీల ఎంతమందికి జాబులు వచ్చినయి?" అని అడిగేవాళ్లు.

కాలేజీలో పెత్తనమూ, పిల్లలకు జాబులు ఇప్పించే బాధ్యతా రాఘవ సార్‌వి. కోస్తా నుంచి వచ్చిన మనిషి. కంపెనీల గుమ్మాల ముందు గంటలు గంటలు కూర్చుని, ఒక్కో కంపెనీని బతిమాలి మా కాలేజీకి రప్పించేవారు. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, "మేడం గారూ, మన పిల్లలు మార్కుల్లో బ్రహ్మాండం. నోరు మాత్రం తెరవరు. మీరేమో నోరు మూయరు. ఈ మాట్లాడని బ్యాచ్ మొత్తం మీకు అప్పగిస్తున్నాను. గది ఇప్పిస్తా, కౌన్సెలర్ అని బోర్డు పెట్టిస్తా" అన్నారు.

అదండీ నా నియామకం. తర్వాత సాయంత్రం క్లాసులకు నగరానికి వెళ్లి ఆ చదువు కూడా చదివాను. పనికొచ్చింది, కాదనను. కానీ ఈ పనిలో నాకు అసలు సంగతి తెలిసింది ముడిమ్యాల అనే ఊళ్లో, ఒక విస్తరి ముందు.

మైకు

కంపెనీలు అప్పట్లో గ్రూప్ డిస్కషన్ అని ఒకటి పెట్టేవి. పది మందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒక విషయం ఇచ్చి, వాదించుకోమంటారు. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్లు లోపలికి, ఊరుకున్నవాళ్లు ఇంటికి. మా పిల్లలు సగం మంది అక్కడే పోయేవాళ్లు.

దానికి రాఘవ సార్ కనిపెట్టిన మందు మైకు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఒక విద్యార్థి వచ్చి, కాలేజీ మొత్తం ముందు, ఇంగ్లిష్‌లో ఐదు నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడనివాళ్లకు క్యాంపస్ ఇంటర్వ్యూలకు ప్రవేశం లేదు. ఆయన మనసులో చెడు లేదు. "చిన్నప్పుడు నాకూ భయమేనండీ. మా మావయ్య పిల్లలందర్నీ కాలవలోకి తోసేశాడు. దెబ్బకి ఈతొచ్చేసింది" అని ప్రతి స్టాఫ్ మీటింగులోనూ చెప్పేవారు.

మంజుల అప్పుడు మూడో సంవత్సరం కంప్యూటర్స్. ముడిమ్యాల పిల్ల. తండ్రి అంతయ్య కూరగాయలూ పూలూ పండిస్తాడు. కాలేజీ బస్సులో పాటలు పెద్దగా పెడితే చెవుల మీద చున్నీ నొక్కి పట్టుకుని కూర్చునేది. క్లాసులో ఎవరిని తిట్టినా ఈ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. ల్యాబులో మాత్రం హాయిగా ఉండేది. పక్కవాళ్ల ప్రోగ్రాం నడవకపోతే సప్పుడు చేయకుండా వచ్చి, తప్పున్న వరుస మీద వేలు పెట్టి, మళ్లీ వెళ్లి తన చోట కూర్చునేది.

ఆమె వంతు వచ్చిన రోజు మైకు ముందుకు వెళ్లింది. నోరు తెరిచింది. మైకు కీచుమంది, వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆ పిల్ల అక్కడే మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంది. ఇంకా నవ్వారు. నేను పరుగెత్తి వెళ్లి పట్టుకునేసరికి చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి.

తర్వాత కాలేజీకి రాలేదు. శనివారం నాడు తండ్రి వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని రాఘవ సార్ బల్ల ముందు నిలబడ్డాడు.

"టీసీ ఇయ్యుండ్రి సారు. మా బిడ్డకు సిగ్గు ఎక్కువ, శరం ఎక్కువ. సదువు సాలు. పూల తోట ఉన్నది, ఇంటికాడ ఉంటది."

"అన్నా, జర ఆగు" అన్నాను నేను. "ఇంక ఏడాదిన్నర అయితే ఇంజనీరు అయితది. ఇప్పుడు తీసుకపోతే చేతికి ఏం రాదు."

"ఏం ఆగాలె మేడం? పిల్ల బువ్వ తింటలేదు. నేను మాన్పిస్త అనలే. అదే అన్నది, బాపూ నన్ను గా కాలేజీకి పంపకు అని. బిడ్డ గట్ల ఏడుస్తుంటే నేనేం ఇంజనీరును చేసుకోవాలె?"

రాఘవ సార్ తల పంకించి, "సోమవారం రండి, రెడీగా ఉంచుతాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కష్టపడి చదివి, ఊళ్లో ఏ ఆడపిల్లా రానంత దూరం వచ్చిన పిల్ల ఒక మైకు వల్ల ఇంటికి పోవడమేమిటి? ఆదివారం ముడిమ్యాల పోవాలని అక్కడే అనుకున్నాను.

వంకాయ కూర

చేవెళ్ల నుంచి ఆటోలో వెళ్లాను. మంజుల తల్లి బాలమణి వాకిట్లోనే ఎదురొచ్చి, "దిష్టి తీసిన మేడం, తాయెత్తు గూడ కట్టించిన. ఏం సోకిందో ఏమో" అంది. పిల్ల లోపల గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది.

నేను మొదలుపెట్టాను. ఆత్మవిశ్వాసం అన్నాను, సాధన అన్నాను. మొదట భయపడి తర్వాత గొప్పవాళ్లయినవాళ్ల పేర్లన్నీ చెప్పాను. నా గొంతు నాకే ముద్దొచ్చేలా గంటసేపు మాట్లాడాను. ఆ పిల్ల "ఊ" అంది. అంతే.

మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టారు. నూనె తేలుతున్న వంకాయ కూర, వేడి వేడి అన్నం, చిక్కటి మజ్జిగ. నా విస్తట్లో రెండోసారి కూర వేయించుకున్నాక చూద్దును కదా, అంతయ్య కంచంలో మాత్రం పప్పు ఉంది.

"ఏందన్నా, నీకు కూర లేదు?" అన్నాను.

బాలమణి అందుకుంది. "ఆయనకు వంకాయ పడదు మేడం. తిన్నడంటే ఒళ్లంత దద్దుర్లు. లగ్గమైనకాడి నుంచి వంకాయ వండిన నాడల్ల రెండు కూరలు వండుడే. నా నసీబు."

"నేనేం చేయాలె? నా ఒంటికి పడదు" అన్నాడు అంతయ్య, అన్నం కలుపుకుంటూ. సిగ్గు లేదు, సంజాయిషీ లేదు.

అప్పుడు గోడ పక్క నుంచి మంజుల గొంతు వినిపించింది. తల ఎత్తలేదు.

"బాపుకు వంకాయ పడదు. నాకు మంది పడదు. గంతే మేడం. శరం కాదు."

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నాకు మాట దొరకని సందర్భం అదొక్కటే.

ఆలోచించండి. పడదు అనే మాట మనం రోజుకు ఎన్నిసార్లు అంటాం! పాలు పడవు, ఐసు నీళ్లు పడవు, కొత్త ఊరి నీళ్లు పడలేదు. ఎవరన్నా నవ్వుతారా? పిరికివాడివి అంటారా? వంకాయ పడని మనిషిని పొద్దున్నే నలుగురి ముందు నిలబెట్టి, పడేదాకా నోట్లో కుక్కుతామా? ఇంటి ఇల్లాలు మారు మాట్లాడకుండా ఇంకో కూర వండుతుంది. అదే మాట మంది గురించి అంటే మాత్రం శరం, భయం, పొగరు, మూగమొద్దు, గాలి సోకింది. ఒంటికి పడకపోతే ఒప్పుకుంటాం, మనసుకు పడకపోతే తాయెత్తు కడతాం.

అంతయ్య అన్నం కలపడం ఆపాడు. కూతురి వైపు చూశాడు. "వంకాయ లేకుంట బతకొచ్చు బిడ్డా. మంది లేకుంట ఎట్ల బతుకుతవ్?" అన్నాడు. కోపం కాదది, దిగులు. నేను చదివిన పుస్తకాల్లో జవాబు వెతుకుతున్నాను.

బాలమణి గరిటె పట్టుకునే అంది. "నువ్వు లగ్గాలల్ల తింటలేవా? మొన్న మా తమ్ముని బిడ్డ లగ్గంల వియ్యపోల్లు ఏమనుకుంటరో అని ఒక ముద్ద తినలే? ఇంటికొచ్చి గోలి ఏసుకొని పండుకోలే?"

"ఆ... తిన్న" అన్నాడు అంతయ్య, దొంగ దొరికినట్టు.

మంజుల నవ్వింది. ఇన్నాళ్లలో ఆ పిల్ల పైకి నవ్వడం నేను వినలేదు. సందు దొరికింది కదా అని అడిగాను, ఈసారి చిన్నగా.

"మందిల ఎంతమంది పడతరు నీకు?"

"ఒక్కొక్కరైతే మస్తు పడతరు."

"నలుగురైతే?"

"జరసేపు."

"పది మంది?"

"కడుపుల తిప్పుతది."

"మరి కాలేజీ? ల్యాబు?"

కాసేపు ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు. చివరికి, "ల్యాబు ఇష్టమే. గా మైకు లేకుంటే వస్త" అంది.

కంపెనీల విందు

సోమవారం అంతయ్య టీసీ కోసం వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లి రాఘవ సార్‌కు వంకాయ కథ మొత్తం చెప్పాను. ఆయన నవ్వారు.

"బాగానే ఉందండీ. కానీ కంపెనీవాళ్ల విందులో వంకాయ తప్ప ఇంకేం వడ్డించరే! ఆ అమ్మాయి ఆకలితో లేచి రావాల్సిందేనా?"

మాట సరైనదే. అది నేను ఒప్పుకోవాలి. పైన ఉన్నవాళ్లు ప్రతిసారీ మూర్ఖులు కారు, ఇది కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు గుర్తుంచుకోవాలి.

"అందుకే సార్, విందు రోజు ఒక ముద్ద తినడం నేర్పిస్తాను. మీరు రోజూ పొద్దున నోట్లో కుక్కకండి" అన్నాను.

"నన్ను కాలవలో తోసేస్తే ఈత రాలేదాండీ?"

"వచ్చింది సార్. మీతోపాటు తోసినవాళ్లందరికీ వచ్చిందా?"

ఆయన పెన్ను తిప్పుతూ కిటికీలోంచి చూశారు. "మా తమ్ముడికి రాలేదు" అన్నారు. "ఇప్పటికీ కాలవ గట్టుకి రాడు. గోదావరి రైలు బ్రిడ్జి మీద కళ్లు మూసుకుంటాడు."

తలుపు తీసి ఆయనే అంతయ్యను పిలిచారు. "టీసీ ఇవ్వడం లేదండీ. మీ అమ్మాయికి మైకు లేదు. మేడం గారు చూసుకుంటారు. ఏడాది ఆగండి."

అంతయ్య నా వైపు చూశాడు. "మేడం, నీ మాట మీద పంపుతున్న. అది మల్ల గట్ల ఏడ్చుకుంట ఇంటికొస్తే మాత్రం నేను ఆగ. ఎవ్వరు చెప్పినా ఆగ" అన్నాడు. సరేనన్నాను. అనేశాను గానీ, ఇంటికి వచ్చాక నాకు అన్నం సహించలేదు.

ఒక ముద్ద

నేను ఏం చేశానో చెబుతాను. పెద్ద విద్య ఏమీ కాదు.

మొదట ఒక్కరితో మాట. ఆ ఒక్కరు నేనే. వారానికి రెండు మూడు సార్లు నా గదికి వచ్చేది. ప్రశ్న అడిగితే వెంటనే చెప్పదు. నాలాంటివాళ్లకు అది జవాబు రానట్టు అనిపిస్తుంది, మనమే అందించేస్తాం. ఆ పిల్ల లోపల మాటను తయారు చేసుకుంటోంది, వండుతుంటే మనం గిన్నె దించేస్తున్నాం. నేను నిజంగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. అట్లా కూర్చుంటే ఎంత మంచి మాటలు వచ్చేవో!

రెండోది, అందరికంటే ముందు వెళ్లడం. నిండిన గదిలోకి అడుగు పెట్టడం వేరు, ఖాళీ గదిలో ముందే కూర్చుంటే మంది ఒక్కొక్కరుగా మన దగ్గరికి రావడం వేరు. మంజుల ఎక్కడికైనా ముందే వెళ్లి తలుపు దగ్గరి కుర్చీ పట్టుకోవడం అలవాటు చేసుకుంది. లేచిపోవచ్చు అని తెలిస్తే కూర్చోగలుగుతాం.

మూడోది, మొదట్లోనే ఒక చిన్న మాట అనేయడం. ఆగేకొద్దీ మాట బరువెక్కుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది చెయ్యి కడుక్కోవడం. ఆ పేరు మంజులే పెట్టింది. పడనిది తిన్నాక తండ్రి గోలి వేసుకుని పడుకున్నట్టు, మందిలోంచి వచ్చాక ఒక్కతే కాసేపు ఉండాలి. మా కాలేజీ బస్సుల షెడ్డు వెనక సీతాఫలం చెట్లు ఉండేవి. అక్కడికి వెళ్లి కూర్చునేది. తోటిపిల్లలు "అలిగింది" అనేవాళ్లు, "ఫోజు కొడుతుంది" అనేవాళ్లు. "నువ్వు ఎవరికీ సారీ చెప్పకు, ఇది నీకు నిద్ర లాంటిది. వాళ్లు నిద్ర పోయినందుకు నీకు సారీ చెబుతున్నరా?" అన్నాను.

ఇంకో బాధ ఉండేది. ఇతరుల మీద పడిన మాట కూడా ఈ పిల్లకు తగిలేది. ఒకరోజు కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చింది. ల్యాబులో సార్ పెద్దగా తిట్టారట.

"ఎవరిని తిట్టిండు?"

"శ్రీకాంత్‌ను."

"మరి శ్రీకాంత్ ఏం చేస్తుండు?"

కిటికీలోంచి చూసింది. "క్యాంటీన్ల సమోసా తింటుండు."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత ఎప్పుడు అట్లాంటిది జరిగినా "శ్రీకాంత్ సమోసా" అనుకునేది. బాధ పోతుందని చెప్పను. మెత్తటి మనసు గట్టిపడదు, గట్టిపడాల్సిన పని కూడా లేదు. తగిలిన మాట ఎవరిదో తెలిస్తే చాలు, రాత్రికి నిద్ర పడుతుంది.

ఆకలైతుంది

నాలుగో సంవత్సరంలో పెద్ద కంపెనీ ఒకటి వచ్చింది. గ్రూప్ డిస్కషన్. మంజుల ముందే వెళ్లింది, తలుపు దగ్గర కూర్చుంది, మొదట్లోనే ఒక మాట అంది. పక్కనున్న అబ్బాయి ఆ మాట మీదుగా తన గొంతు వేసుకుని వెళ్లిపోయాడు. బల్ల చుట్టూ సంత మొదలైంది. పేర్లు పిలిచినప్పుడు ఆమె పేరు లేదు.

నేను బయట నిలబడి ఉన్నాను. అంతయ్య అన్న మాటే చెవుల్లో ఉంది. ఆ పిల్ల బయటికి వచ్చి, నన్ను చూసి కూడా ఆగకుండా, షెడ్డు వెనక్కి వెళ్లింది. వెంట వెళ్దామని కాళ్లు లాగాయి. వెళ్లలేదు. ఈ ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని ఏదంటే అదే, ఆ కాసేపు అక్కడే నిలబడటం. ఈ పిల్ల ఏడుస్తూ వస్తే సాయంత్రం బస్సుకు ఇంటికి, మళ్లీ రాదు.

వచ్చింది. ముఖం కడుక్కుని వచ్చింది. నా పక్కన మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీసింది.

"ఏమైంది?"

"పోయింది మేడం."

"ఏడ్చినవా?"

"లేదు. ఆకలైతుంది."

తినేసింది, మూతలో తీసిపెట్టిన కూర తప్ప ఒక్క మెతుకు మిగల్చకుండా. ఏడ్చింది నేను. కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే ఆ పిల్ల డబ్బా మూత నా వైపు జరిపి, "తినుండ్రి మేడం, వంకాయ" అంది.

జాబు తర్వాత వచ్చింది, చిన్న కంపెనీలో. వాళ్లు బల్ల చుట్టూ కూర్చోబెట్టలేదు. తప్పులున్న ప్రోగ్రాం ఇచ్చి సరిచేయమన్నారు, తర్వాత ఒకాయన ఒక్కడే కూర్చుని మాట్లాడాడు. ఒక్కరు కదా, మస్తు పడ్డాడు. నా ఉద్దేశం అడిగితే, గ్రూప్ డిస్కషన్ అనేది పక్కవాడి మాట మధ్యలో దూరడం ఎవరికి వచ్చో తేల్చే పరీక్ష. దానిలో నేనైతే ఫస్టు వచ్చేదాన్ని, ప్రోగ్రాం మాత్రం ఒక్క వరుస రాయలేను. ఇంతకంటే ఏం చెప్పాలి?

ఫలితం తెలిసిన పొద్దున ప్రార్థన దగ్గర రాఘవ సార్ మైకు అందుకున్నారు. అలవాటు. "మన మంజుల..." అనబోయి, వరుసలో ఆ పిల్ల ముఖం చూశారు. మైకు ఆపేశారు. మెట్లు దిగి, వరుసల మధ్యలోంచి నడిచి వచ్చి, వంగి, ఆమెకు మాత్రమే వినపడేట్టు ఏదో అన్నారు. ఆ పిల్ల నవ్వింది. ఆ మనిషితో నాకు నూరు గొడవలు, కానీ ఆ నడక కోసం అన్నీ మాఫీ చేశాను.

హైటెక్ సిటీలో కూడా ఆమె అదే పద్ధతి. మూల సీటు అడిగి తీసుకుంది. పై అధికారి పొగరనుకుంటే, "సార్, నాకు మంది పడదు. పని ఉంటే ఒక్కరే రండి, ఎంతసేపైనా చెప్తా" అందట. ఆఫీసులో పాటలూ ఆటలూ పెట్టిన రోజు వెళ్తుంది, ఒక ముద్ద తింటుంది, చెయ్యి కడుక్కుంటుంది.

ఒక జాగ్రత్త

ఇది చదివి, మాట్లాడనివాళ్లందరినీ "పడదులే" అని వదిలేయకండి. మా దగ్గర ఒక అబ్బాయి క్రమంగా మాట మానేశాడు. అందరూ మంజుల లాంటివాడే అన్నారు. నేను చూశాను. వీడికి నిద్ర లేదు, స్నానం లేదు, ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ వదిలేశాడు, ఇష్టమైన క్రికెట్ కూడా వద్దన్నాడు. మంది పడనివాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు బాగుంటారు. ఒక్కరే ఉన్నప్పుడు కూడా బాగాలేనివాళ్ల సంగతి వేరు. వాళ్ల అమ్మానాన్నలను ఒప్పించి నగరంలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కోలుకున్నాడు. మన పని ఎక్కడ ఆగుతుందో, డాక్టరు పని ఎక్కడ మొదలవుతుందో తెలిసి ఉండాలి. ఆ విషయంలో మొహమాటం పనికిరాదు.

పేరు

నా రిటైర్మెంటుకు కాలేజీలో పెద్ద సభ చేశారు. శాలువాలు, ఫ్లెక్సీ, మైకు. మైకు నా చేతికి ఇచ్చి తప్పు చేశారు, భోజనాలు చల్లారిపోయాయి. మంజుల రాలేదు. "ఆమెకు మీరు ఎంత చేసిండ్రు మేడం, ఒక్కసారి వచ్చి పోవద్దా?" అని స్టాఫులో ఒకరు నొచ్చుకున్నారు. నేను నవ్వాను.

మర్నాడు పొద్దున మా ఇంటి గేటు చప్పుడైంది. మంజుల, ఆమె వెనక చున్నీ పట్టుకుని నాలుగేళ్ల కూతురు, వాళ్ల వెనక సంచీతో అంతయ్య. సంచీ నా ముందు పెట్టాడు.

"మా తోటలయి మేడం. నేనెట్ల గూడ తిన గద, మీకు తెచ్చిన."

వంకాయలు. నిగనిగలాడుతున్నాయి.

కూర్చున్నాం. ఇంతలో పక్కింటి సత్తెమ్మ వచ్చింది. మంచి మనిషి, మా ఇంటికి ఎవరొచ్చినా వచ్చి చూసిపోతుంది. పాప బుగ్గ పట్టుకుని, "ఏం బిడ్డా, నీ పేరేంది? చెప్పవా? గింత శరమా? మూగదానివా ఏంది?" అంది. పాప తల్లి ఒళ్లో ముఖం దాచుకుంది. మంజుల ఏదో అనబోయింది. నేనూ నోరు తెరిచాను, తెరవకుండా ఎట్లా ఉంటాను?

మా ఇద్దరికంటే ముందు అంతయ్య అన్నాడు. కుర్చీలో కదలకుండా, చాయ్ ఊదుకుంటూ, తన పప్పు గురించి చెప్పినంత మామూలుగా.

"శరం కాదు అవ్వా. దానికి మంది పడదు. జరసేపు ఊకో, అదే మాట్లాడుతది."

"అట్లనా? పడదా?" అంది సత్తెమ్మ. "అయితే తీయ్, ఊకుంట." బుగ్గ వదిలేసి కొంగు సర్దుకుని అరుగు మీద కూర్చుంది.

మంజుల తండ్రి వైపు చూసింది. కళ్లు నిండాయి. టీసీ కోసం తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడిన మనిషేనా ఈయన అనుకున్నాను.

అందరం ఊరికే కూర్చున్నాం. రోడ్డు మీద బస్సు పోయింది. చాయ్ అయిపోయింది. నేను కూడా మాట్లాడలేదు, మా ఆయన లోపలి నుంచి వచ్చి నాకు ఒంట్లో బాగుందా అన్నట్టు చూసి వెళ్లాడు.

కొంతసేపటికి పాప తల్లి ఒళ్లోంచి దిగింది. నేల మీద వంకాయల సంచీ చుట్టూ ఒకసారి తిరిగి, నా కుర్చీ దగ్గరికి వచ్చింది. నా మెడ చుట్టూ చెయ్యి వేసి, కిందికి లాగి, తన పేరు చెప్పింది.

చాలా మంచి పేరు. నా చెవిలో చెప్పింది కాబట్టి ఇక్కడ రాయను.